ఉప్పు తిన్నవాడు

ఖోన్ కేన్ నుంచి బాన్ ఫై దాకా
రోజుకి ఆరు తడవలు బండి తోలేవాడు బున్లాయ్.
నీళ్లు ముట్టేవాడు కాదు.
తాగితే దిగాలి,
దిగితే బేరం వెనక బండివాడి పాలు,
అదీ లెక్క.
పొద్దున ఒక చల్ల కాఫీ, మధ్యాహ్నం ఎర్ర సోడా,
చీకటిపడ్డాక ఇంట్లో నా చేతి బొప్పాయి సలాడు.

ఏప్రిల్లో, తారు కరిగి టైర్లకంటుకునే వేళ,
నడుం పక్కన ఎవరో గునపం దించినట్టయింది.
బండి పక్కకు తీసి
వెనక బెంచీల మీద పదకొండుమంది చూస్తుండగా
స్టీరింగు మీద తల వాల్చి
అమ్మా అన్నాడట.
ఇరవై రెండేళ్ల కాపురంలో
ఆ మాట అతని నోట నేను వినలేదు.

మూడో రాత్రి పడింది రాయి.
కాఫీ వడపోసే గుడ్డలో పట్టాను.
పెసర బద్దంత.
ఇంతేనా, అన్నాను.
"నువ్వు ముగ్గుర్ని కన్నావు,
నేను కన్నది ఇదొక్కటే, చిన్నచూపు చూడకు"
అన్నాడు, చెమటలో నవ్వుతూ.

ఆరోగ్య కేంద్రంలో నర్సు సుమాలీ
ఏం తింటాడని అడగలేదు.
నా బండి దగ్గర రోజూ తినే పిల్ల అది.
"నీ రోలు సంగతి నాకు తెలుసక్కా" అంది.
తలెత్తలేకపోయాను.
మట్టి రోట్లో కర్ర రోకలితో
పచ్చిమిరప, బెల్లం, చేప సాస్,
పైన రెండు గరిటెల పులిసిన చేపనీళ్లు:
ఊరంతా లొట్టలేసే నా చేతి రుచి
సగం ఉప్పే.
ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగుతాడని లోకం మాట.
మా ఆయన తిని ఊరుకున్నాడు.

రాయంటే సున్నమని ఎవరో చెబితే
చిన్న చేపలు మానేశాడు, పాలూ మానేశాడు.
సుమాలీ తల కొట్టుకుంది.
చాఫ్లూ ఆకు, అదే, తమలపాకు తమ్ముడిలా ఉంటుందే,
దాన్ని ఒట్టిగా నమిలితే ఆక్సలేటు కిడ్నీ దాకా నడిచిపోతుందట.
ఎముకలతో వేయించిన చిరుచేపతో కలిపి తింటే
రెండూ పేగులోనే ముడిపడి
వచ్చిన దారినే పోతాయట.
"ఆకు తగ్గించు, చేప మానకు,
ఉచ్చ ఎండుగడ్డి రంగులో ఉందా, సరే.
టీ రంగులో ఉందా, బండి ఆపి తాగు."
అంతే చెప్పి పిలిచింది తర్వాతివాణ్ణి.

ఒక గరిట తగ్గించాను.
ఆ లోటు నిమ్మరసంతో పూడ్చాను.
ఏప్రిల్లో నిమ్మకాయ ఒక్కటి ఎనిమిది బాత్లు!
పిండుతుంటే నా వేళ్లే పిండుకున్నట్టుంటుంది.
చప్పగా ఉందని ఇద్దరు టైలర్లు
పక్క బండికి మారిపోయారు.
పోనీ. ఒకడు తిరిగొచ్చాడు.

ఇప్పుడు అద్దం దగ్గర మల్లెదండ పక్కన
రెండు లీటర్ల సీసా వేలాడుతోంది.
థాఫ్రా పెట్రోలు బంకు రాగానే
వెనకనుంచి చన్ అవ్వ అరుస్తుంది,
"బున్లాయ్, తాగావా? పోశావా?"
అతనితో పాటు సగం బండి దిగుతుంది.
ఆలస్యమైందని తిట్టినవాళ్లే
వరసలో ముందు నిలబడతారు.

నిన్న మధ్యాహ్నం
సలాడు కోసం వచ్చి నిలబడ్డాడు.
అయిదుగురు ఎదురుచూస్తున్నారు,
బొగ్గుల వేడి, రోకలి చేతిలో జారుతోంది.
"కంపాన్, పొద్దుట్నుంచి
నువ్వెన్ని గ్లాసులు తాగావు?"

లెక్కపెట్టబోయాను.
బండి విడిచి వెళ్లడం కుదరదు కదా అని
పొద్దున్నే మూత పెట్టిన సీసా
మూత పెట్టినట్టే ఉంది.
రోకలి ఆగింది.